కోళ్లు తిన్న అర్జీ

పైడమ్మ అని ఒకావిడ. ఒక్కతే కూతురు, నీలాలు, ఆరేళ్లది. ఏమైందంటే, ఆ పిల్ల కోడిపిల్ల వెనకాల పరిగెత్తి మునసబు గారి ధాన్యం కొట్టులో దూరింది. ఆయన చూసుకోకుండా తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడంట. ఈవిడ ఉరుక్కుంటా పోయి, బాబూ, నా పిల్ల లోపలుంది, తలుపు తియ్యి అంటే, "నోటిమాటకి తీస్తే ఊళ్లో పద్ధతేం మిగులుద్దే? అర్జీ రాయించుకురా. పైనుంచి కిందదాకా చదివించు. మధ్యలో నాకు కునుకు పట్టిందా, మళ్లీ మొదట్నించి" అన్నాడంట. నవ్వకండి. అదీ పద్ధతి.

అర్జీలు రాసేది భైరవయ్య. ఆయన రాస్తే ముందు చంద్రుడు రావాలి, తర్వాత మునసబు గారి మీసం, ఆ మీసానికి నాలుగు పోలికలు. ఆరు కాగితాలైనా పిల్ల ఊసు రాలేదనుకో. చదవడం మొదలెట్టాడు. మీసం దాటకుండానే మునసబు గురక. లేపారు. మళ్లీ చంద్రుడు. మళ్లీ గురక. లోపల్నించి పిల్ల ముందు, "అమ్మా, నాకు దాహమేస్తంది" అంది. కాసేపటికి, "అమ్మా, దాహం" అంది. ఇంకాసేపటికి, "అమ్మా" అంది. ఆగండి, ఈ ముక్క దగ్గర నేనూ ఓ గుక్క నీళ్లు తాగాలి.

ఆ... పైడమ్మ ఇంట్లోకెళ్లి కత్తిపీట తెచ్చింది. అర్జీ కాగితాలు దాని మీద పెట్టి, వంకాయ తరిగినట్టు తరిగిందంట. చంద్రుడు పోయాడు. మీసం పోయింది. భైరవయ్య కూలబడి, "అమ్మా, అయి నా పిల్లలమ్మా, కొయ్యమాకు" అన్నాడు. "నీ పిల్లలు బయటున్నాయి భైరవయ్యా. నా పిల్ల లోపలుంది" అందావిడ. కిందపడిన మాటలన్నీ కోళ్లొచ్చి ఏరుకు తినేశాయి. "పోనీ, బాబూ అన్నదొక్కటైనా ఉంచు తల్లీ" అన్నాడు. చివర్నున్న అసలు ముక్కతో పాటు అదొక్కటీ ఉంచింది.

మునసబు ఆవలించాడనుకో. భైరవయ్య చదివాడు: "బాబూ, నీలాలు కొట్టులో ఉంది. తలుపు తియ్యి." ఆవలింతకి తెరిచిన నోరు మూసేలోపే అర్జీ అయిపోయింది. ఆయనకి నిద్రపోయే సందు దొరకలేదు. పద్ధతి పద్ధతే కదా, లేచి తలుపు తీశాడంట. పిల్ల వచ్చింది, చంకలో కోడిపిల్ల. వచ్చి, "నీళ్లు" అంది. అంతే. అర్థం కానోళ్లు లేరు.

ఆ కోళ్లు మాత్రం గుడ్డు పెట్టినప్పుడల్లా మీసాన్ని పొగుడుతున్నాయంట. అది వినపడితే మునసబుకి నిలబడ్డచోటే నిద్ర. భైరవయ్య ఇప్పుడూ రాస్తాడు, కత్తిపీట ముందు కూర్చుని.

నాకూ ఒక్కతే పిల్ల. తలుపవతల గొంతు అట్టా సన్నబడటం నేనూ ఒకసారి విన్నాను. అందుకే పొట్టిగా చెప్పాను. ఇందులో ఇంకా ఎక్కువైన మాటలుంటే తీసి కోళ్లకెయ్యండి.