ఎవరు చూశారో చెప్పేస్తుంది

బల్గేరియాలోని ప్లోవ్‌డివ్‌లో మిరప పచ్చడి ఫ్యాక్టరీ మూతపడిన నెలకి, అందులో పనిచేసిన ఇద్దరాడవాళ్లు కాఫీ తాగుతున్నారు.

“లింక్డిన్‌లో ఏంటే ఆ బడాయి? ‘ఆహార నాణ్యతా నిపుణురాలు’ట! కాల్చిన మిరపకాయలకి తొక్క తీసే మొహానికి!”

“తొక్క తీస్తూనే కుళ్లినవన్నీ ఏరేశాగా. పన్నెండేళ్లలో నా బల్ల మీంచి వెళ్లిన సీసా ఒక్కటీ వెనక్కి రాలేదు. అదీ రాశాను.”

“ఆ సోదంతా ఎవడు చదువుతాడు?”

“నువ్వు. తొమ్మిదిసార్లు. ఎవరు చూశారో అది చెప్పేస్తుందే.”

“ఏదో, నవ్వుకుందామని చూశా.”

“నవ్వుకుంటూనే అదంతా నీ ప్రొఫైల్లోకి మక్కీకి మక్కీ దించావా?”

“నీకెవరు చెప్పారు?”

“నువ్వు దరఖాస్తు పెట్టిన కంపెనీవాళ్లు. పొద్దున నాకు ఫోన్ చేసి నీ పేరు పెట్టి అడిగారు.”

“నీకెందుకు చేస్తారు?”

“చివర్న ఉన్న నా ఫోన్ నంబరు కూడా దించేశావు మరి! రాసింది నేనని చెప్తే, సోమవారం నన్ను రమ్మన్నారు.”