మెడ వెనక కొక్కేలు

నైజీరియాలో, ఇబాదాన్‌లోని ఎలుకల ప్రయోగశాల గుమ్మంలో కూతురు తల్లికి బీపీ చూసి తల దించుకుంది.

"మళ్ళీ పెరిగిందా, రెనికే?"

"మూడు రకాల మాత్రలకీ లొంగట్లేదమ్మా."

"నువ్వు పరిశోధించేది దీని గురించేగా. ఎందుకిలా?"

"మెడ పైన, మెదడు కాండంలో, ఆడవాళ్ళ హార్మోన్‌ని అందుకునే కొక్కేల్లాంటివి ఉంటాయి. అది తగులుకుంటే బీపీ అదుపులో ఉంటుంది. ముట్లుడిగాక హార్మోన్ తగ్గి, అవి ఖాళీగా ఉండిపోతాయి."

"ఎలుకలకి తగ్గించావుగా?"

"సరిగ్గా అక్కడే సూదితో హార్మోన్ వేస్తే తగ్గింది."

తల్లి తలగుడ్డ విప్పి మెడ వంచింది.

"వెయ్యి మరి."

"మనుషులకి వెయ్యకూడదమ్మా."

"నేను ఎలుకపాటి చెయ్యనా? ఇంతకీ అవి కులాసాగా ఉన్నాయా?"

కూతురు బీపీ పట్టీ చుట్టి పక్కన పెట్టింది.

"మెదడు కోసి చూడాలి కదమ్మా. ఒక్కటీ మిగల్లేదు."

తల్లి నెమ్మదిగా తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంది.

"సరేలే. నీకోసం తెచ్చిన అమలా ముద్ద చల్లారిపోతోంది, తిను."