స్టూలు మీద కూర్చున్న నేరం

1988 జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం మా వాహన మరమ్మతుల విభాగంలో సహాయ మెకానిక్‌గా చేరిన మేస్త్రిగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. స్పానరు అందుకోబోయిన ప్రతివారినీ "ఆగు, ముందు బండి చెప్పేది విను" అని వారించేవారు కనుక షెడ్డంతా వారిని ‘ఆగు మేస్త్రి’ అని పిలుచుకున్నాం. ఇటువంటి సందర్భంలో సన్నుతులు పరిపాటి. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది, పాఠకులు మన్నించాలి.

తొలి పదకొండేళ్లు లారీల విభాగంలో అవిశ్రాంతంగా శ్రమించి, 1999లో సీనియర్ మెకానిక్‌గా పదోన్నతి పొంది, వారు పెట్రోలు బండ్ల విభాగానికి వచ్చారు. ఆ తరువాత మరొక్క మెట్టు కూడా ఎక్కలేదు. కారణం వారి అసమర్థత కాదు, మా జాబ్ కార్డులోని ‘మార్చిన భాగం’ అనే గడి. అది నిండితే పని జరిగినట్టు, ఖాళీగా ఉంటే జరగనట్టు! వైద్యుని ప్రతిభను కోసిన కడుపుల లెక్కతో కొలవడమంటే ఇదే.

పదకొండేళ్ల క్రితం ఆసుపత్రి అంబులెన్సు ఒకటి కూడళ్లలో ఆగిన ప్రతిసారీ ఇంజను వణికి ఆగిపోయేది. మా వాళ్లు ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, గడులు నిండాయి. బండి మూడుసార్లు తిరిగొచ్చింది. చివరికి తప్పంతా డ్రైవరుదేనని తేల్చి, అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేయడానికి కాగితాలు సిద్ధం చేశారు. అప్పుడు మేస్త్రిగారు డ్రైవరును పిలిచారు.

"చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకా?"

"వేడెక్కాకే మేస్త్రీ. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, ప్రాణం పోతుంది. ఇన్నాళ్లూ ఈ మాట నన్నెవరూ అడగలేదు."

బానెట్ తెరిచి, ఇంజను నడుస్తూండగా, పక్కనే స్టూలు వేసుకుని వారు ఒక పూటంతా కూర్చున్నారు. ఇంజను బాగా కాగాక రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా తడిమి, ఒక గొట్టం కొస దగ్గర బొటనవేలు అదిమారు. వణుకు ఠక్కున ఆగింది. వేడికి మాత్రమే తెరుచుకునే సన్నని చీలిక అది. దానిగుండా లెక్కకు మించిన గాలి చొరబడుతోంది. చీలిన కొస అంగుళం కోసి, మిగిలిన గొట్టాన్నే మళ్లీ బిగించారు. డ్రైవరు ఉద్యోగం నిలిచింది. ‘మార్చిన భాగం’ గడిలో మేస్త్రిగారు "ఏమీ లేదు" అని నిజం రాశారు.

ఆ నిజానికి బహుమానంగా "ఒక పూట స్టూలుపై కూర్చుని కాలయాపన చేసినందుకు" వారికి మెమో అందింది. దాన్ని టైపు చేసింది నేనే. నోరెత్తక, ఒక్క అక్షరం దిద్దక టైపు చేశాను. చేతికిచ్చినప్పుడు వారు నవ్వారు.

"ఇందులో అబద్ధమేముందండీ? కూర్చున్నమాట నిజమేగా!"

ఆ రోజు ఇంట్లో వారు అన్నం ముట్టలేదని వారి శ్రీమతి, మా వదినగారు, మొన్ననే చెప్పారు. ఆ ఒక్క కాగితం అడ్డుపడి, వారి చేతికింద పని నేర్చుకున్న ఇద్దరు వారికే పై అధికారులయ్యారు.

గత నెల ఆ మెమోను రద్దు చేయాలని నేను ఫైలు పెడితే, "పోయే మనిషికి ఇప్పుడదెందుకండీ, పోనిద్దురూ" అన్నారు పై అధికారులు. తప్పు చేసింది మనం, పోనివ్వవలసింది ఆయనా? సిగ్గుండాలి మనకు! షెడ్డులో ముప్పై ఒక్క మంది సంతకాలతో, ఆ డ్రైవరు వాంగ్మూలంతో ఫైలు మళ్లీ పైకి వెళ్లింది. ఈసారి టైపు చేసింది కూడా నేనే.

మేస్త్రిగారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, వదినగారి సాహచర్యంలో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ కార్యాలయం తన తప్పు ఒప్పుకోవడానికి ఎన్నేళ్లు తీసుకుంటుందో నాకు తెలియదు. ఎన్నేళ్లయినా సరే, ఆ కాగితం అందుకోవడానికి మీరుండాలి. అందుకున్న తరువాత, ఎవరూ కాలయాపన అనలేని విధంగా, మీ ఇష్టమొచ్చినంతసేపు కూర్చోవాలి.