మిగిలిన అన్నం

సన్నబడాలని తిండి మానేస్తోందంటే ఎలాగండీ టీచరుగారూ? మా పెద్దదానికి అలాంటి పిచ్చి లేదు. అద్దంలో చూసుకుని జడేసుకోమంటేనే విసుక్కుంటుంది. మీరలా అనేసి ఊరుకుంటే రేపు క్లాసులో పిల్లలందరూ అదే పట్టుకుంటారు.

లేదండీ, కోపం కాదు. నా గొంతే అంత. లాండ్రీలో ఆ మెషీన్ల మోత మీద అరిచీ అరిచీ ఇలా తయారైంది. క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందని మీ ఫోన్ రాగానే, మడతపెడుతున్న దుప్పటి పక్కావిడ చేతిలో పెట్టేసి వచ్చాను.

పడుకోనివ్వండి, లేపొద్దు. మంచం ముందు తెర పక్కకి తీసి చూశాను. మేజోడు చిరుగు కనబడకుండా కాళ్ళు దుప్పట్లోకి లాక్కుంది. తెలివి వచ్చిందన్నమాటే.

రాత్రి ఏం తిందంటారా. ఏమీ తినలేదు. స్నేహితురాలింట్లో తినేశానంది. మొన్నా అదే మాట. ఆ పిల్ల తల్లి ఎంత మంచిదో, కనబడితే ఓ దణ్ణం పెట్టాలి అనుకున్నాను. వాళ్ళు ఊరు మారిపోయి చాన్నాళ్ళయిందని మీరిప్పుడు చెప్తున్నారు.

సరే.

దీని నాన్న అట్టపెట్టెల కంపెనీలో చేస్తాడు. రెండో షిఫ్టు తీసేశారు. జీతం సగానికి పడింది. మాది సగమైందని అద్దె సగం చేస్తారా? బస్సువాడు సగం టికెట్టుకి సగం దారిలో దింపేస్తాడు. ఏదీ తగ్గదు. మన మాట వినేది పొయ్యి మీద గిన్నె ఒక్కటే కదా. దాన్నే తగ్గించాను.

ముందు నన్ను నేను తీసేసుకున్నాను. పనిలో భోజనం పెడుతున్నారని ఇంట్లో చెప్పాను. పెట్టరు. తర్వాత ఆయన. మేస్త్రీ సాయంత్రాలు టీకి తీసుకెళ్ళి కడుపు నింపి పంపిస్తున్నాడన్నాడు. ఆ మేస్త్రీ సంగతి నాకు తెలీదా, ఎంగిలిచేత్తో కాకిని తోలడు. అయినా నమ్మాను. నమ్మితే ఆ పూటకి బియ్యం కలిసొస్తాయి. తర్వాత పెద్దది మొదలుపెట్టింది.

తినేశామన్నవాళ్ళ వంతు తీసేస్తూ పోయాను. చివరికి చిన్నదానికే కొలవడం. ఎవరైనా మనసు మార్చుకుని కూర్చుంటారేమోనని పైన ఓ గుప్పెడు వేసేదాన్ని.

ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నువ్వు తినంటే నువ్వు తిను, నాకు మెడ దాకా ఉందంటే నాకూ మెడ దాకా ఉంది. మా ఇంట్లో రోజూ అన్నం మిగిలేదండీ. పొద్దున్నే చిన్నదాని డబ్బాలో సర్దేదాన్ని. అదొక్కటే మా ఇంట్లో బుగ్గలున్న మనిషి.

ఓ రాత్రి ఆ గిన్నె చూసి ఆయన నవ్వాడు. "లేనివాడి సంపాదనంతా తిండికే పోతుందంటారు. ఉన్నవాడికి అందులో చిటికెడు చాలట. మన గిన్నె చూస్తే మనం కోటీశ్వరులమేనే" అన్నాడు. "అయితే కారు కొను నాన్నా" అంది చిన్నది. "ముందు పెట్రోలు తాగడం నేర్చుకో" అంది పెద్దది. అందరం నవ్వాం. నిజంగానే నవ్వామండీ.

కన్నతల్లివి, నీకు తెలియలేదా అని కదా మీరలా చూస్తున్నారు. మొహమాటం దేనికి, అడగండి.

నేను చెప్పే అబద్ధమే అది చెప్తోంది. అదే మాట, అలాగే మొహం తిప్పుకుని మంచినీళ్ళకి లేచిపోవడం. తెలియకపోవడానికి ఏముంది? కానీ తెలిసిందంటే దానికి ఇంత అన్నం వండాలి కదా. అందుకని తెలుసుకోలేదు.

ఏడవడం లేదండీ, ఆ గ్లాసు అక్కడే పెట్టేయండి. ఏడుపు రావడం లేదు. పొద్దున్నుంచీ చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఏంటీ? మధ్యాహ్నం బడిలోనే పెడతారా? ఊరికేనా?

పెట్టండి. వద్దనను. సిగ్గుపడాలన్నా ఓపికుండాలి. దానికి నలుగురిలో ఇబ్బంది లేకుండా పెడితే చాలు. ఈ రాత్రి నుంచి ఇంట్లో కూడా దాని వంతు కొలుస్తాను. ఎదురుగా కూర్చుని తినిపిస్తాను. ఆ మాట ఇస్తున్నాను.

కాకపోతే ఒకటి. ఏ రోజు పెట్టారో, ఏం పెట్టారో, కడుపు నిండా తిందో లేదో, నాకు చెప్పకండి. దాన్ని కూడా చెప్పొద్దనండి. మీరింత మంచిగా అడుగుతున్నారు కాబట్టి నేనూ ఉన్నమాట చెప్తున్నాను. మధ్యాహ్నం బాగా తిందని తెలిస్తే ఆ రాత్రి నా చెయ్యి తగ్గించేస్తుంది. తగ్గించకూడదు అనుకుంటూనే తగ్గిస్తుంది. ఆ మిగిలింది అద్దెలోకి పోతుంది.

మీరు మా పిల్లకి పెడుతున్నామనుకుంటారు. తినేది మా ఇంటి ఓనరండీ.