గుసగుసలో రావణుడు

తిరుచానూరులో పొద్దు వాలుతోంది. తోలుబొమ్మలాట తెర వెనక, గొంతు పూర్తిగా పోయిన నాయన, తాను ఎవరినీ తాకనివ్వని రావణుడి బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ సీత మాటలు పలికే కూతురు ఆయన గుసగుసకు చెవి ఒగ్గింది.

"ఈ పొద్దు రావణుడు నీ నోట పలకల్ల."

"నాది సన్న గొంతు నాయనా. ఎవురు నమ్ముతారు?"

"నాకు గొంతే లేదు." నాయన గుసగుసగానే ఒక అక్షరం పలికాడు. "ఇప్పుడు నేనేమన్నా?"

"ఆ అన్నావు."

"ఇప్పుడు?"

"ఈ."

"ఎట్ల తెలిసె నీకు? అచ్చరం గొంతులో లేదుమే, నోట్లో ఉండాది. నాలిక కిందికి అదుము. పెదాలు ముందుకు సాపి, నోరు గుహ మాదిరి పెట్టి ఆ అను."

"ఆ..."

"ఇంకా సీతే పలుకుతా ఉండాది. గుహ పెద్దది చెయ్యి."

"ఆ...!"

తెర అవతల, ముందుగా వచ్చి కూర్చున్న తల్లి ఒళ్లో పసిబిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు.

"ఇంక సాలు," అని నాయన బొమ్మను కూతురి చేతిలో పెట్టాడు.