అన్న మెడ మీది నరం

"తాతా, పక్కింటాయనకు లివర్ పాడైందట. చాటుగ తాగుతడేమో?"

మళ్ల అను బిడ్డా ఆ మాట, ఇంకోసారి అను. తాగకుంటే లివర్ పాడుగాదా? ఇప్పుడు నేను చెప్పేది నమ్మనంటవా, లేచి పో. దమ్ముంటే కూసొని ఇను.

మా అన్న రాజన్న కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషి. చిక్కడపల్లిల మా గల్లీ భజనకు ఆయనే గొంతు. ఆయన పాట ఎత్తుకుంటే హిమాయత్‌నగర్ కిటికీలు అదిరేటివి. కాదు కాదు, అదిరింది నా గొంతుకు, ఆయనది మెత్తటిది. అరవై తొమ్మిదిల, అదే, తెలంగాణ లొల్లి నడిచిన ఏడు, ఆయన కాళ్ళు వాచినయ్, కడుపు ఉబ్బింది, కండ్లు పచ్చబడ్డయ్. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెడితే నొప్పికి మెలికలు తిరిగేటోడు. ఇగ గల్లీ గల్లీ అంత డాక్టర్లే. లివరంట, అంటే తాగుతుండంట. భజన పెద్ద విఠలయ్య అయితే ఇంటికొచ్చి, "రాజన్నా, దేవుని పటం ముందట నీ నోటి పాట వద్దు" అన్నడు. మా అన్న గోడ దిక్కు తిరిగి, "తాగుబోతు పేరుతోనే పోతనేమో తమ్మీ" అన్నడు. ఒళ్ళు మండదా మరి?

అది చాలదన్నట్టు పథ్యం చెప్పింది గూడ ఆ విఠలయ్యే. పచ్చకామెర్లని పసరు మింగిచ్చి, చెరుకురసం, మజ్జిగ చెంబులకు చెంబులు తాపిచ్చుడు. మా వదిన పాపం నమ్మి తాపింది. తాపినకొద్దీ కడుపు పెరిగింది, పండుకుంటే ఊపిరాడలే.

ఆ లొల్లిల బస్సులు బంద్, రిక్షా దొరకలే. అన్నను వీపుకెత్తుకొని నారాయణగూడ దవాఖాన దాక ఉరికిన. పోలీసులు నన్ను చూసి లాఠీలు దించి దారిచ్చిన్రు. నవ్వకు. నడుమ ఒక్కతాన కూలబడ్డ, గంతే. మా ఎనక విఠలయ్య, ఆయన భార్య అనసూయమ్మ వచ్చిన్రు. తాగిండని డాక్టర్ నోటితోనే వినాలని ఆయనకు.

డాక్టర్ ముసలాయన. అన్నను దిండ్లకు ఆనిచ్చి, కడుపు కుడి పక్క చెయ్యి మెల్లగ అదిమి పట్టిండు. మెడ మీద నరం లేచింది బిడ్డా, నా చేతి కర్రంత. సరే, వేలంత అనుకో.

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చిందా?" అన్నడు. వచ్చింది. "అప్పుడే గుండె కవాటం చెడ్డది. గుండె నెత్తుర్ని ముందుకు తోస్తలేదు. అది ఎనకనే నిలిచి లివర్ల నిండి, లివర్‌ను చెడగొడుతున్నది. లివర్‌ను ఒత్తితే ఆ నెత్తురే మెడ నరంలకు ఎక్కుతున్నది. తాగుడు కాదు. ఒంట్లె నీరు పోక సస్తుంటే ఆ రసాలు తాపిందెవరు?"

విఠలయ్య చెయ్యి పట్టి గుంజిన. "నువ్వే ఒత్తి చూడు." డాక్టర్ చెప్పినట్టు ఒత్తిండు. నరం మళ్ల లేచింది. "ఏడున్నది నువ్వు చెప్పిన తాగుడు? చూపియ్యి." నా గొంతు కాచిగూడ స్టేషన్ దాక ఇనపడ్డదంటరు. విఠలయ్య తల దించిండు. అప్పుడు అనసూయమ్మ, "మీరు అన్న మాట గల్లీ అంత పాకింది. గల్లీల నిలబడే తప్పైందని చెప్పున్రి" అన్నది.

ఉప్పు బంద్, నీళ్ళు తక్కువ, గుండెకు గోలీలు, మూత్రానికి గోలీలు. వాపు దిగింది, కండ్లు తెల్లబడ్డయ్, మళ్ల భజనల పాట ఎత్తుకున్నడు. కవాటం బాగుగాలే, కొన్నేండ్లకు అన్న ఆ గుండెతోనే పోయిండు. కానీ తాగుబోతుగ పోలే, పాటగాడిగ పోయిండు. విఠలయ్యతోటి నడి గల్లీల తప్పైందని చెప్పిచ్చినోన్ని నేను. అబద్ధమా? సరే, చెప్పిచ్చినామె ఇంకా అశోక్‌నగర్లనే ఉన్నది, పోయి అడుగు. అనసూయమ్మ.