విప్పని స్కేటు

హలో… ఆ, నేనే, ఎర్ల్‌ని. ఎవరు, రోలీనా?… గొంతేంట్రా అలా ఉంది, నిద్రపోలేదా?

ఎక్కడుంటాను… ఐస్ హాకీ రింకులోనే, సామాన్ల గదిలో. కుర్రాళ్ళు ఎనిమిదింటికి వస్తారు కదా, బ్యాగులు సర్దుకుపోవడానికి. ఓడిన మర్నాడు ఇంకేం పనుంటుంది మనకి. తడిసిన ప్యాడ్లు ఆరేస్తున్నా. కంపు చెప్పలేం.

ఆ… చెప్పు.

ఏంటీ—

ఎవరన్నారు? మేనేజరా?… ఫోన్లోనా?… తొమ్మిదేళ్ళు కోచ్‌గా చేసినవాణ్ణి పొద్దున్నే ఫోన్లో పీకేశాడా. ముఖం చూసి చెప్పడానికి కూడా మొహం చెల్లలేదు కాబోలు.

మీ ఆవిడకి చెప్పావా, లిన్‌కి?… ఇంకా లేవలేదా. పోనీ, పడుకోనీ పాపం.

అవును… ఈ రౌండు దాటితే ఇంకో మూడేళ్ళు నీవే అన్నాడు ఓనరు. నా ముందే అన్నాడు… దాటలేదని నాకూ తెలుసు రోలీ. మన బెంచీ తలుపు పట్టుకుని చివరిదాకా చూసినవాణ్ణే కదా.

ఎందుకు ఓడామంటే నన్నడుగుతావేంటి? నేను స్కేట్లకి పదును పెట్టుకునేవాణ్ణి…

సరే, చెప్తా విను. మే నెలొచ్చేసింది. బయట మంచు కరిగి రోడ్లన్నీ బురద. లోపల ఐసు మెత్తబడి, ఆ పక్ బిళ్ళ కప్పలా గెంతింది. మనవాళ్ళ పాస్ ఒక్కటి కుదరలేదు… ఆ, వాళ్ళకీ అదే ఐసు. నిజమే.

మరి రెఫరీ సంగతో? ఆరో ఆటలో మన మనిషిని ఊరికే రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాడు. నలుగురితో ఆడుతుంటే కదా గోలు పడింది… ఆ, దానికి ముందే రెండు తిన్నాం. అదీ నిజమే.

గోల్‌కీపర్ని మాత్రం ఏమీ అనకు. అతను లేకపోతే ఏడో ఆట దాకా వచ్చేవాళ్ళమే కాదు.

అదే నాకూ మింగుడు పడట్లేదు… ఏడాటల్లో మూడు గెలిచి ఒక్కటే ఓడి ఉన్నాం. ఇంకొక్కటి గెలిస్తే థండర్ బే వాళ్ళు మూటాముల్లె సర్దుకునేవాళ్ళు. వరసపెట్టి మూడూ పోగొట్టుకున్నాం. మన టైము బాగోలేదు. వదిలెయ్ రోలీ.

డారిలా?… డారిల్ గొడవెందుకు ఇప్పుడు.

కెప్టెన్ అయితే మాత్రం మనిషి కాడా? ముప్పై మూడేళ్ళొచ్చాయి. అలిసిపోయుంటాడు.

ఏం రాశారు పేపర్లో?… కెప్టెన్ చూస్తూ నిలబడ్డాడనా… ఆ రాసినవాడికి స్కేట్లు తొడిగి ఓసారి దింపాలి ఐసు మీదకి. చదవకు అవన్నీ.

చూశాను… అవతలి జట్టువాడు పక్ అందుకుని ఎడమ పక్కకి తిరిగాడు. డారిల్ తిరగలేదు. గోలు పడింది. అంతే, అయిపోయింది… ఎందుకు తిరగలేదో నాకేం తెలుసు.

ఊఁ… వింటున్నా.

ఆ. అడిగావు. విరామంలో అందరూ స్కేట్లు విప్పి కాళ్ళు చాపుకుంటుంటే వీడొక్కడూ విప్పడేంటని అడిగావు… నేనే చెప్పాను, అవును. సెంటిమెంటు అన్నాను. నాలుగో ఆట అలాగే గెలిచాం, కదిలించకు అన్నాను. నువ్వు నోరు మూసుకుని వెళ్ళిపోయావు. మన ఆటలో ఎవడైనా అంతే కదా. నువ్వు మాత్రం ఆ పసుపు టై నెల్లాళ్ళు ఉతక్కుండా కట్టుకోలేదా. మనలో గడ్డం గీసుకున్నవాడు ఒక్కడున్నాడా.

…

రోలీ… కూర్చునే ఉన్నావా?

అది సెంటిమెంటు కాదు. విప్పితే కాలు మళ్ళీ అందులో పట్టదు.

… కుడికాలు. పాదం లోపలి పక్క. నాలుగో ఆట చివర్లో మన గోలు ముందు అడ్డం పడి ఆ షాట్ ఆపాడే, నువ్వు బెంచీ ఎక్కి మరీ చప్పట్లు కొట్టావు… ఆ, అదే. అప్పుడే.

విరిగిందనే అనుకుంటున్నా. ఎక్స్‌రే ఎక్కడిది. డాక్టర్‌కి చూపిస్తే సాయంత్రానికల్లా నీకు తెలిసిపోదూ. అందుకే, పేపరు వాళ్ళకి ఎప్పుడూ చెప్పేట్టు నడుము కింద చిన్న దెబ్బ అని చెప్పడానికి కూడా లేకుండా పోయింది.

నాకా… మర్నాటి నుంచే తెలుసు.

పొద్దున ఆరింటికి వచ్చాడు, ఎవరూ రాకముందు. మేజోడు తీస్తే పాదం వంకాయ రంగుకి తిరిగింది. బకెట్లో ఐసు నీళ్ళు పోసి స్పర్శ పోయేదాకా ముంచి ఉంచాం. నేను స్కేటు వేడిచేసి సాగదీశాను, లోపల కోసి మెత్త పెట్టాను. ఇద్దరం కలిసి కాలు తోశాం. వాడి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. లేసులు బిగించింది నేనే రోలీ. అయిదో ఆటకి, ఆరో ఆటకి, నిన్న ఏడోదానికి. ఈ చేతుల్తోనే.

…

తిట్టు. తిట్టవేంట్రా.

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు… నిన్న స్కోరు సమానంగా నిలిచి అదనపు సమయం పెట్టారు, దానికి ముందు ఇక్కడికే వచ్చావు. ఎవడికైనా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు ఎర్ల్, ఏమీ అనను అన్నావు. ఎవరికీ ఏమీ లేదన్నాను. నీ ముఖంలోకి చూసే అన్నాను.

ఎందుకంటే నువ్వు వాణ్ణి కూర్చోబెట్టేసేవాడివి… ఆ. కూర్చోబెడతావని తెలిసే చెప్పలేదు.

బతిమాలాడురా. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది, పన్నెండేళ్ళలో కప్పు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, ఇదే ఆఖరు అన్నాడు. ఏం చెయ్యను… గదిలో మాట గదిలోనే ఉండాలి కదా. నువ్వాడే రోజుల్లో నీ పక్కటెముకలు రెండు విరిగినప్పుడు అప్పటి కోచ్‌కి నేను చెప్పానా? నీకప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళు. ఇదే బల్ల మీద పడుకోబెట్టి టేపు చుట్టాను. కప్పు కొట్టాం కాబట్టి ఇప్పటికీ ఆ కథ చెప్పి నలుగుర్నీ నవ్విస్తావు. ఓడిపోయుంటే నవ్వేవాడివా?

… ఏమో. వాడి బదులు ఇంకొకణ్ణి దింపుంటే గెలిచేవాళ్ళమేమో. కుంటి కాలుతో మూడు ఆటలు… అదీ కారణం. ఐసూ కాదు, రెఫరీ కాదు. నీ మూడేళ్ళు నేను తీసేశాను రోలీ. నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే ఏం లాభం.

సరే, విను. పన్నెండింటికి పేపరు వాళ్ళు వస్తారు కదా. జరిగింది చెప్పెయ్. నా దగ్గర దాచారు, తెలిస్తే ఆడించేవాణ్ణి కాదు అను. నా పేరు చెప్పు, పర్లేదు. నీ పరువు నిలబడుతుంది, ఇంకో ఊళ్ళో ఇంకో జట్టు పిలుస్తుంది.

ఎందుకు వద్దు?

…

ఆ… నేనది ఆలోచించలేదు. దెబ్బ దాచి ఆడితే ఆపరేషన్ ఖర్చు వాడి నెత్తి మీదే పడుతుంది. కోచ్‌కి తెలిసి ఆడిస్తే జట్టే చేయించాలి, మళ్ళీ నడిచేదాకా చూసుకోవాలి… నాకు తెలుసుగా మరి. నాకు తెలిస్తే చాలదా?… ఆ, నిజమే. స్కేట్లవాడికి తెలిస్తే జట్టుకి తెలిసినట్టు కాదు.

ఆగు. ఏమంటున్నావు నువ్వు—

వద్దు. వద్దురా, అలా చెప్పకు. తెలిసే ఆడించానంటే నిన్ను మనిషిగా చూస్తారా? విరిగిన కాలుతో కెప్టెన్ని ఐసు మీదకి తోశాడంటారు. స్కూలు పిల్లల జట్టుని కూడా నీ చేతికివ్వరు. యాభై నాలుగేళ్ళకి ఏం చేస్తావు, మీ బావ దగ్గర ట్రాక్టర్లు అమ్ముతావా?… అమ్ముతావా. ఎంత తేలిగ్గా అంటున్నావు.

లిన్‌కి?… ఆమెకి కూడా అదే చెప్తావా. తెలిసే ఆడించానని.

నేనొస్తాను పన్నెండింటికి. అందరి ముందూ నిలబడి చెప్తాను, ఈయనకి తెలీదు అని… ఆ. నేను నోరు తెరిస్తే వాడి ఆపరేషన్ పోతుంది. తెరవకపోతే నువ్వు పోతావు. ఏ పక్కకీ దారి లేదే.

డారిల్‌కి కూడా చెప్పకూడదా?… అదీ నిజమే. తెలిస్తే కుంటుకుంటూ వచ్చి మైకు లాక్కుంటాడు. వాడి సంగతి నాకు తెలీదా.

వాణ్ణి ఎన్నింటిదాకా ఆపమంటావు?… పేపరు వాళ్ళు వెళ్ళేదాకానా.… రోలీ, చెప్పకుండా ఉన్నందుకే కదరా ఇంత జరిగింది. మళ్ళీ అదే చెయ్యమంటున్నావు నన్ను…

…

సరే.

సరేనన్నాను కదా. మాటిస్తున్నా.

ఒక్కటి చెప్పనీ… నువ్వు పందొమ్మిదేళ్ళప్పుడు ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నీకు నేనెప్పుడూ చెడు తలపెట్టలేదు. ఇదొక్కటే… హలో? రోలీ?… హలో…

…

ఆ, రా డారిల్. గుమ్మం దగ్గర తడిగా ఉంది, చూసి అడుగెయ్… ఎవరూ కాదులే, స్టిక్కుల కంపెనీ వాళ్ళు. వచ్చే ఏడాది సరుకు గురించి.

ఎక్కడికి?… కోచ్ ఇంటికా?

నిజం చెప్పేస్తావా… మంచిదే. చెప్దువుగాని. ఇప్పుడు కాదు, పడుకునుంటాడు పాపం. మధ్యాహ్నం వెళ్దువుగాని, నేనే తీసుకెళ్తా. ముందు కూర్చుని ఆ కాలు పైకి పెట్టు.